దెబ్బ తగలని వాపు

మా చెల్లె తల మీద ఆ వాపును నేను మొదటిసారి చూసింది భద్రాచలంలోని ఒక చిన్న నర్సింగ్ హోములో. మే నెల. పొద్దున పదిన్నర అయి ఉంటుంది. ఎడమ చెవికి పైన, జుట్టు కింద, సగానికి కోసిన బత్తాయంత ఉబ్బు. వేలితో తాకితే మెత్తగా దిగేది. అటువైపు కంటిరెప్ప కూడా ఉబ్బి నల్లబడింది. నేను ఏఎన్ఎమ్‌ని. అప్పటికి పదకొండేళ్ల సర్వీసు. పొలం గెట్ల తగాదాల్లో కర్రదెబ్బలు తిన్నవాళ్లకు, మొగుడు కొడితే చీకటిపడకముందే పరుగెత్తుకొచ్చిన ఆడవాళ్లకు లెక్కలేనన్నిసార్లు కట్లు కట్టాను. అలాంటి వాపు ఎట్లా వస్తుందో నాకు తెలుసనే అనుకున్నాను.

మరిది మంచం కాళ్ల దగ్గర నిలబడి ఉన్నాడు. మరిది అంటే మా చెల్లె భర్త. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు. నన్ను చూడగానే, నేనేమీ అడగకముందే అన్నాడు:

"నేనేం జేయలే వదినా. మూడు దినాల సంది నొప్పులే. పొద్దుగాల లేచి చూసెవరకు గిట్ల ఉబ్బింది."

అడగకముందే చెప్పినవాడి మాట నమ్మకూడదని నాకు ఉద్యోగం నేర్పింది. ఆ రోజు నేను చేసినవన్నీ అక్కణ్నుంచే మొదలయ్యాయి.

మేమిద్దరమే ఆడపిల్లలం. మాది బోనకల్ దగ్గరి ఊరు. నాన్న మా చిన్నప్పుడే పోయాడు. అమ్మ మిషన్ బడిలో ఆయాగా చేసేది. చెల్లె నాకంటే ఆరేళ్లు చిన్నది. రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడే దాని అరచేతులు, పాదాలు ఉబ్బేవి. కళ్లు ఎప్పుడూ కొంచెం పచ్చగా ఉండేవి. వానలో తడిసినా, ఎండలో ఆడినా రెండోరోజు మంచం పట్టేది. కాళ్లు విరగ్గొడుతున్నట్టు ఉందని ఏడ్చేది. అమ్మ వేడినీళ్ల కాపడం పెట్టి, నూనె రాసి, మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసేది. దానికి పన్నెండేళ్లప్పుడు ఒక డాక్టరమ్మ వేలి నుంచి రక్తం చుక్క తీసి గాజుపలక మీద చూసి, ఇది సికిల్ జబ్బు అని చెప్పింది. గుండ్రంగా ఉండాల్సిన రక్తకణాలు కొడవళ్లలా వంకర తిరిగి సన్నటి నాళాల్లో ఇరుక్కుంటాయని, ఎక్కడ ఇరుక్కుంటే అక్కడ నొప్పని చెప్పింది. నీళ్లు బాగా తాగాలి, చలికీ ఎండకూ పోకూడదు, జ్వరమొస్తే ఆలస్యం చేయకూడదు. తగ్గే జబ్బు కాదు అని కూడా చెప్పింది.

అమ్మ ఆ పేరు పలకలేకపోయింది. పలకాలనుకోలేదు కూడా. ఎవరడిగినా "రక్తం తక్కువ" అనేది. బడిలో అదే మాట. చుట్టాలకు అదే మాట. మెల్లగా చెల్లె కూడా అదే అనడం నేర్చుకుంది. నేనూ నేర్చుకున్నాను. నర్సు ట్రైనింగు అయి, ఆ జబ్బు గురించి పుస్తకంలో చదివి పరీక్ష రాసి వచ్చాక కూడా, ఇంట్లో నా నోటికి వచ్చేది "రక్తం తక్కువ" అనే.

జబ్బు మనిషి అనగానే అందరూ నీరసంగా, మౌనంగా ఉండే పిల్లను ఊహించుకుంటారు. చెల్లె అట్లా ఉండేది కాదు. నొప్పి లేని రోజుల్లో ఇల్లంతా దాని నోరే. పాస్టరమ్మ కోళ్లను తిట్టే తీరు, కిరాణా కొట్టాయన తుమ్మే తీరు చేసి చూపిస్తే అమ్మ కోపగించుకుంటూనే నవ్వేది. కుట్టుమిషన్ నేర్చుకుంది. టేపు పెట్టకుండా, మనిషిని నిలబెట్టి ఒకసారి చూసి జాకెట్ కత్తిరించేది. ఒక్కటీ చెడగొట్టేది కాదు. పచ్చిమామిడికాయ ముక్కల్లో ఉప్పుకారం కలుపుకొని గిన్నెడు తినేది.

ఇరవై రెండేళ్లకు సంబంధం వచ్చింది. భద్రాచలం దాటి దుమ్ముగూడెం రోడ్డులో, అడవి అంచున ఊరు. అబ్బాయి కరెంటు లైన్‌మన్. మా సంఘం వాళ్లే. పాస్టరుగారే మాట కలిపారు. జబ్బు సంగతి చెప్పాలా వద్దా అని నేను అమ్మను అడిగాను. అడిగానని చెప్పుకోవడానికే అడిగాననిపిస్తుంది ఇప్పుడు. "చెప్తే ఎవడు చేసుకుంటడే" అంది అమ్మ. అంత చదువుకున్న నేను ఊరుకున్నాను.

చెల్లే చెప్పింది. పెళ్లయిన నెల లోపలే, తనంతట తాను, అతనికి చెప్పింది. అతను రెండ్రోజులు ముభావంగా ఉన్నాడట. మూడోరోజు, నొప్పి వస్తే ఏం చేయాలో రాసివ్వమని అడిగాడట. తన వాళ్లెవరికీ చెప్పలేదు. వాళ్లు అడిగితే అతను కూడా "రక్తం తక్కువ" అనే చెప్పేవాడు. ఆ మాట అట్లా మా ఇంటి నుంచి వాళ్లింటికి పోయింది.

ఇంకొకటి కూడా చెప్పాలి. పెళ్లయిన రెండో ఏడు అతను చెల్లెను కొట్టాడు. తోటి ఉద్యోగి ఇంట్లో దావతుకు పోయి తాగి వచ్చి, ఏదో మాటకు మాట పెరిగి చెంప మీద కొట్టాడు. కమ్మ లాగుకుపోయి చెవి తమ్మె చిరిగింది. చెల్లె బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది. నేనప్పుడు పర్ణశాల దగ్గర సబ్‌సెంటర్‌లో పనిచేస్తున్నాను. రెండు కుట్లు పడ్డాయి. నాలుగు రోజులు నా దగ్గరే ఉంది. ఐదోరోజు అతను వచ్చి వరండాలో తల వంచుకొని కూర్చున్నాడు. మంచినీళ్లు కూడా అడగలేదు. చెల్లె సంచి సర్దుకుంది. వెళ్లేముందు నాతో, "ఇగ కొట్టడక్కా, నాకు తెల్సు" అంది. నేను అతని ముందరే, ఇంకోసారి చెయ్యి లేస్తే ఊరుకోను అన్నాను. ఆ తర్వాత అతను కొట్టలేదు. మరుసటి ఏడు కూతురు పుట్టింది. కాన్పు అప్పుడు చెల్లె చావు దాకా పోయి వచ్చింది. రక్తం దొరక్కపోతే భద్రాచలంలో ఇల్లిల్లూ తిరిగి ఇద్దరు మనుషుల్ని పట్టుకొచ్చింది అతనే. అదంతా నేను కళ్లారా చూశాను. కానీ ఆ చిరిగిన తమ్మెను మాత్రం మనసులోంచి తీసెయ్యలేదు.

నర్సింగ్ హోము డాక్టరు వయసు మళ్లినవాడు. దెబ్బ ఎట్లా తగిలిందని మరిదిని అడిగాడు. తగలలేదన్నాడు మరిది. పడిందా అంటే పడలేదన్నాడు. దెబ్బ లేకుండా ఇంత వాపు ఎట్లా వస్తుందని డాక్టరు నా వైపు చూశాడు. మరిది మళ్లీ మొదటినుంచి చెప్పసాగాడు. ముందు నడుము, తర్వాత తొడలు, మూడోరోజు తల. రాత్రి నుంచి వాంతులు. పొద్దున ఈ వాపు. వింటున్నకొద్దీ నాకు, నేర్చుకొని వచ్చి అప్పజెప్పుతున్నట్టు తోచింది. చెల్లె కళ్లు సగం మూసుకొని ఉంది. పిలిస్తే మూలిగేది, జవాబు చెప్పేది కాదు.

"కొట్టిండు సార్" అన్నాను నేను, అతను జబ్బు మాటకు వచ్చేలోపే. "ముందు కూడా కొట్టిండు. నేనే కుట్లేసిన."

డాక్టరు ఇక వేరే ఏమీ అడగలేదు. పోలీసులకు కబురు చేయాలని, తలకు స్కాన్ తీయాలని, అది ఖమ్మంలోనే ఉందని, వెంటనే తీసుకుపొమ్మని చీటీ రాశాడు. చీటీలో "తలకు గాయం" అని రాసి ఉంది. నేను చదివి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

పోలీసులు తొందరగానే వచ్చారు. చెప్పిందంతా నేను రాసి సంతకం పెట్టాను. ఫోన్ చేస్తే అంబులెన్సు వచ్చే రోజులు ఇంకా రాలేదు. ఒక వ్యాను మాట్లాడాం. చెల్లెను స్ట్రెచర్ మీద ఎక్కిస్తుంటే, అటువైపు జీపు దగ్గర ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య నిలబడ్డ మరిది నా వైపు తిరిగి అన్నాడు:

"వదినా, ఆ జబ్బు సంగతి మాత్రం డాక్టర్లకు చెప్పు. మర్చిపోకు."

నాకు స్పష్టంగా వినిపించింది. తప్పించుకోవడానికి జబ్బు మీదికి నెడుతున్నాడని అనుకున్నాను. వ్యాను తలుపు వేసుకున్నాను.

పాల్వంచ, కొత్తగూడెం దాటి ఖమ్మం చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. వ్యానులో రేకు వేడి. దారంతా తడిగుడ్డతో చెల్లె మొహం తుడుస్తూ కూర్చున్నాను. దానికి నీళ్లు తగ్గకూడదని నాకు తెలుసు. అందుకే సెలైన్ పెట్టించుకొని ఎక్కాను. అంటే జబ్బు సంగతి నా బుర్రలో ఉంది. చేతులకు గుర్తుంది. నోటికే రాలేదు.

స్కాన్‌లో పుర్రెకూ మెదడుకూ మధ్య రక్తం గడ్డకట్టి కనిపించింది. మెదడును ఒక పక్కకు నెడుతోంది. ఒక ప్రైవేటు ఆసుపత్రికి తలకు ఆపరేషన్లు చేసే డాక్టరు వారంలో కొన్ని రోజులు వచ్చేవాడు. మా అదృష్టంకొద్దీ ఆ రోజు ఉన్నాడు. నిండా నలభై ఉండవు. స్కాన్ చూసి, పుర్రె తెరిచి గడ్డ తీసెయ్యాలి, సాయంత్రం లోపలే చేయాలి అన్నాడు. అప్పటికి అమ్మ బోనకల్ నుంచి రైల్లో వచ్చింది. మరిది వాళ్ల అన్న కూడా వచ్చాడు. ఆయన ఎవరితో ఏం మాట్లాడాలో తెలియక గోడకు ఆనుకొని నిలబడ్డాడు. తన తమ్ముణ్ని పోలీసులు పట్టుకుపోయింది నా వల్లే అని ఆయనకు తెలుసు. అయినా ఆపరేషన్‌కు రక్తం ఇవ్వమంటే ముందు చెయ్యి చాపింది ఆయనే.

మత్తు డాక్టరు బయటికి వచ్చి కాగితం పట్టుకొని నిలబడే అడిగాడు. ఆస్తమా ఉందా, ఫిట్స్ ఉన్నాయా, గుండె జబ్బా, ఇంకేమైనా జబ్బులున్నాయా.

"రక్తం తక్కువ సారూ" అంది అమ్మ. "చిన్నప్పటి సంది."

అమ్మ ఆ మాట అంటూ మరిది వాళ్ల అన్న వైపు చూసింది. ఆయన వింటున్నాడు కాబట్టే అట్లా అంది. కూతురు లోపల ఆ స్థితిలో ఉన్నా, అత్తింటివాళ్ల ముందు దాచాలన్న పాత అలవాటు ఆమెను వదల్లేదు. అది నాకు ఆ క్షణంలోనే అర్థమయింది. మత్తు డాక్టరు నా వైపు కూడా చూశాడు. నేను చెప్పాల్సింది ఒక్క మాట. చెప్పలేదు.

ఎందుకు చెప్పలేదని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. అలవాటు ఉంది. అమ్మ మాటను అందరి ముందు కొట్టెయ్యలేకపోవడం ఉంది. కానీ వీటికంటే కింద ఇంకొకటి ఉంది. జబ్బు పేరు చెబితే మరిది తప్పు పలచబడిపోతుందేమోనని భయపడ్డాను. అతను కొట్టాడని నేను తేల్చుకున్నాను. ఆ తీర్పుకు అడ్డొచ్చేది ఏదైనా నాకు అక్కర్లేకపోయింది. ఆ తూకంలో రెండో పక్కన ఉన్నది మా చెల్లె ప్రాణమని నాకు ఆ నిమిషంలో తట్టలేదు.

డాక్టరు కాగితం మీద "రక్తహీనత" అని రాసుకొని లోపలికి వెళ్లాడు.

ఆపరేషన్ రెండు గంటలకు పైగా పట్టింది. అయ్యాక ఆపరేషన్ చేసిన డాక్టరు బయటికి వచ్చాడు. టోపీ ఇంకా తీయలేదు. నన్ను ఒక్కదాన్నే పక్కకు పిలిచాడు.

"ఈమెకు సికిల్ సెల్ ఉందా?"

"ఉంది సార్."

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత, "మీరు నర్సు కదమ్మా" అన్నాడు.

అంతకుమించి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. పక్కనున్న బల్ల మీద కూర్చొని చెప్పడం మొదలుపెట్టాడు. పుర్రె ఎముక ఎక్కడా చిట్లలేదు. చర్మం మీద గీత కూడా లేదు. నొప్పి వచ్చినప్పుడు కాళ్ల ఎముకల్లో ఏం జరుగుతుందో పుర్రె ఎముకలో కూడా అదే జరుగుతుంది. రక్తం అందక ఆ ముక్క చచ్చిపోతుంది. దాని అంచుల నుంచి రక్తం ఊరుతుంది. బయటికి ఊరితే చర్మం కింద వాపు వస్తుంది, లోపలికి ఊరితే మెదడు మీద గడ్డ కడుతుంది. ఈమెకు రెండు వైపులా ఊరింది. ఎముక నల్లబడి, మెత్తబడి ఉంది. ఇది అరుదు, నేను చదవడమే కానీ చూడటం ఇదే మొదలు అన్నాడు. దెబ్బ తగిలిన ఆనవాలు తనకెక్కడా కనిపించలేదని మరోసారి చెప్పాడు. తర్వాత లేచి, ముందే తెలిసి ఉంటే ఇంకా రక్తం ఎక్కించి, మత్తు వేరే రకంగా ఇచ్చేవాళ్లమని, ఇప్పుడు చేయగలిగింది చేద్దామని లోపలికి పోయాడు.

అమ్మ నా దగ్గరికి వచ్చి డాక్టరు ఏమన్నాడని అడిగింది. గడ్డ తీసేశారు, బాగానే ఉంది అన్నాను. అప్పటికి అది నిజమే.

మర్నాడు పొద్దున చెల్లె కళ్లు తెరిచింది. తలంతా గుండు, తెల్లటి కట్టు. నన్ను గుర్తుపట్టింది. అమ్మను చూసి, చీర ఇట్లా నలిపి కట్టుకున్నవేంది అంది. బయటికొచ్చి ఫోన్ చేశాను. స్టేషన్‌లో ఎస్సై మాట్లాడాడు. నేను పొరపాటు పడ్డానని, అతను కొట్టలేదని చెప్పాను. నిన్న కొట్టాడని రాసిచ్చి ఇవాళ లేదంటే ఎట్లా అన్నాడాయన. వాళ్లు బెదిరిస్తే చెబుతున్నావా అని కూడా అడిగాడు. ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గర కాగితం తెమ్మన్నాడు. డాక్టరు అడగ్గానే రాసిచ్చాడు. దాన్ని నేనే తీసుకుపోయి ఉండాల్సింది. చెల్లెను వదిలి పోలేక మరిది వాళ్ల అన్నకు ఇచ్చి పంపాను. ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, జేబులో పెట్టుకొని, నా మొహం చూడకుండా బస్టాండుకు నడిచాడు.

ఆ మధ్యాహ్నం అమ్మ కిందికి వెళ్లినప్పుడు చెల్లె అడిగింది.

"అక్కా, ఆయన ఏడి?"

గాలికి తీగలు తెగాయని, డ్యూటీలో ఉన్నాడని, రేపు వస్తాడని చెప్పాను.

"అన్నం తిన్నడో లేదో. మూడు దినాలాయె సరిగ తినక. నా తల ఒళ్లె పెట్టుకొని గట్లనే కూసున్నడు. కాళ్లు తిమ్మిరెక్కుతయి జరుగు అంటే జరగలే."

నేను దాని చెయ్యి పట్టుకొని ఊఁ అన్నాను.

"తల లోపల ఎవరో గడపారతో తవ్వుతున్నట్టుండె అక్కా. ఆయనకు చెప్తే ఏడ్చిండు. మొగోడు ఏడిస్తే నవ్వొస్తది గద, నాకు నవ్వేటంత ఓపిక లేకపాయె."

దాని నోట అన్ని మాటలు రావడం అదే ఆఖరు. సాయంత్రానికి ఛాతీలో నొప్పి అంది. జ్వరం వచ్చింది. ఊపిరి పైపైనే తీసుకోవడం మొదలుపెట్టింది. ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల్లో తెల్లటి మచ్చలు. ఎముకలో ఇరుక్కున్నట్టే రక్తకణాలు అక్కడా ఇరుక్కున్నాయని డాక్టరు చెప్పాడు. ఆక్సిజన్ పెట్టారు, రక్తం ఎక్కించారు. ఆయన ఇంటికి కూడా పోలేదు. పోయినా నేను తప్పుపట్టేదాన్ని కాదు. మూడోరోజు పొద్దున, ప్రార్థన చేయడానికి ఖమ్మం సంఘం నుంచి ఇద్దరు ఆడవాళ్లు వచ్చి ఇంకా చెప్పులు విడుస్తుండగానే చెల్లె పోయింది. ఇరవై తొమ్మిదేళ్లు.

అది మత్తు వల్ల జరిగిందా, ముందే చెప్పినా జరిగేదా అని డాక్టరును అడిగాను. తేల్చి చెప్పలేమన్నాడు. ఆపరేషన్ లేకపోయినా ఛాతీలో అట్లా రావచ్చు. ముందే తెలిసి ఉంటే అవకాశం కొంత ఎక్కువ ఉండేది. ఎంత ఎక్కువ అని నేను అడగలేదు.

పోలీసు కేసు కాబట్టి పోస్టుమార్టం తప్పలేదు. దెబ్బ లేదని నేనిప్పుడు ఎంత చెప్పినా, కొట్టాడని నేను రాసిన కాగితం ముందు నిలబడి ఉంది. అదంతా అయ్యి, శవాన్ని వ్యానులోకి ఎక్కిస్తుంటే మరిది వచ్చాడు. అప్పటికి మధ్యాహ్నం దాటింది. వాళ్ల అన్న భుజం పట్టుకొని నడుస్తున్నాడు. పాదాలు పూర్తిగా నేలకు ఆనించడం లేదు. అరికాళ్ల మీద దెబ్బలు తిన్నవాళ్లు అట్లా నడుస్తారని నాకు తెలుసు. నేను అడగలేదు. అతను ఎన్నడూ చెప్పలేదు.

దుప్పటి తొలగించి చెల్లె మొహం చూశాడు. కట్టు మీద చెయ్యి పెట్టాడు, వాపు ఉన్న వైపు. చాలాసేపటికి నా వైపు తిరిగాడు.

"మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"ఏమన్నది?"

"నువ్వు అన్నం తిన్నవో లేదో అన్నది."

ఆసుపత్రి మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి, తను ఎక్కడున్నాడని చెల్లెకు చెప్పావని నన్ను అడిగాడు. తీగలు తెగాయని, డ్యూటీలో ఉన్నాడని చెప్పానన్నాను. తల ఊపాడు. "మంచిగ జేసినవ్" అన్నాడు. అందులో ఎత్తిపొడుపు ఏమైనా ఉందేమోనని ఎన్నోసార్లు గుర్తుచేసుకున్నాను. లేదు. చెల్లెకు తెలియకుండా పోయినందుకే అన్నాడు.

వాళ్ల ఊళ్లోనే సమాధి చేశాం. తునికి చెట్ల పక్కన, రాళ్ల నేల. గొయ్యి తవ్వడానికి పొద్దుగూకే దాకా పట్టింది. నాలుగేళ్ల పాప మరిది వాళ్ల అన్న భార్య చంకలో నిద్రపోయింది. పాటలు పాడుతుంటే నేను పుస్తకం తెరిచి పట్టుకున్నానంతే. అమ్మ మాత్రం చివరి చరణం దాకా పాడింది.

అమ్మ ఆ తర్వాత మూడేళ్లు బతికింది. ఆ విషయం మా మధ్య ఎప్పుడూ రాలేదు. ఒక్కసారి, నేను సెలవు మీద ఇంటికి పోయినప్పుడు, బియ్యం చెరుగుతూ ఉన్నట్టుండి, "ఆ మాట అన్నది నేను గద. నువ్వు కాదు" అంది. నన్ను తేలిక చేయాలని అందో, తన బరువు చెప్పుకుందో తెలియలేదు. నేను దగ్గర కూర్చున్నాను. ఆమె చేట ఆపలేదు.

చెల్లె పోయాక ఏడాదిన్నరకు మరిది నా సబ్‌సెంటర్‌కు వచ్చాడు. పాప చెయ్యి పట్టుకొని, వరండాలో, అప్పట్లాగే తల వంచుకొని నిలబడ్డాడు. పాపకు జ్వరం వచ్చి కాళ్లు నొస్తున్నాయంటోందని, రక్తం పరీక్ష చేయించాలని చెప్పాడు. తనకు తెలిసిన నర్సు నేనొక్కదాన్నే. రక్తం తీసి పంపించాను. రిపోర్టు రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలు నేను సరిగా నిద్రపోయానని చెప్పలేను. పాపకు జబ్బు లేదు. వాహకురాలు మాత్రమే. అంటే తల్లి నుంచి సగం వచ్చింది, అంతే; ఆ సగంతో మామూలుగా బతకొచ్చు. పెళ్లప్పుడు అవతలి మనిషికి పరీక్ష చేయించుకుంటే చాలు. నేనూ పరీక్ష చేయించుకున్నాను. నాదీ అదే ఫలితం.

రిపోర్టు తీసుకోవడానికి వచ్చిన రోజు అతనికి ఇదంతా వివరంగా చెప్పాను. రెండుసార్లు అడిగి తెలుసుకున్నాడు. పాప బయట మేకపిల్ల వెంట పడుతోంది. అప్పుడు చెప్పాను. ఖమ్మంలో మత్తు డాక్టరు అడిగినప్పుడు జబ్బు పేరు నేను చెప్పలేదని, అతను చెప్పమన్నది వినిపించినా చెప్పలేదని.

"తెల్సు" అన్నాడు. "మా అన్న ఆడనే ఉండె గద."

ఏడాదిన్నర నుంచీ తెలుసు. తెలిసే పాపను నా దగ్గరికి తెచ్చాడు. ఆ రోజు నీకు అట్లా ఎందుకనిపించింది వదినా అని అడిగాడు. కోపంగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. ఆ చిరిగిన తమ్మె సంగతి చెప్పాను.

"అవ్. కొట్టిన. ఆ ఒక్కసారి" అన్నాడు. "నీ చెల్లె ఎప్పుడో మర్చిపోయింది. నువ్వు యాదిల పెట్టుకున్నవ్."

రిపోర్టు మడిచి జేబులో పెట్టుకొని లేచాడు. పాపను పిలిచాడు. మెట్ల దగ్గర ఆగి, పాప పెద్దయ్యాక జబ్బు సంగతీ, ఖమ్మం సంగతీ తనే చెబుతానని, నన్ను చెప్పొద్దని అన్నాడు. సరేనన్నాను.

ఇప్పటికి చాలా ఏళ్లయింది. అతను మళ్లీ పెళ్లి చేసుకోలేదు. పాప డిగ్రీ చదువుతోంది. ప్రతి ఎండాకాలం నా దగ్గరికి వచ్చి పది రోజులు ఉంటుంది, పెద్దమ్మా అని వెనకాలే తిరుగుతుంది. పోయిన ఏడు రాలేదు. పరీక్షలని ఫోన్లో చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది. నేను ఇంకేమీ అడగలేదు. ఈ ఏడు పరీక్షలు ఏప్రిల్‌లోనే అయిపోయాయి. మొన్న మరిది ఫోన్ చేసినప్పుడు, పాప ఎప్పుడొస్తుందని అడిగాను. దాన్నే అడుగు వదినా అన్నాడు. ఖమ్మం సంగతి దానికి చెప్పేశాడేమో. ఫోన్ చేయాలి. రెండుసార్లు నంబరు తీసి మళ్లీ పెట్టేశాను.